నార్త్ కరోలినా బార్బెక్యూ: తూర్పు దారి పట్టాలా, లెక్సింగ్టన్ దారి పట్టాలా?

ర్యాలీ, కేరీ, మోరిస్‌విల్, షార్లెట్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారికి ఏడాదిలో ఒక్కసారైనా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇండియా నుంచి బంధువులు వస్తారు, లేదా పిల్లలు ఇక్కడి తిండి తిని చూద్దామంటారు. నార్త్ కరోలినా పేరు చెప్పగానే ఎవరైనా బార్బెక్యూ గురించే మాట్లాడతారు. తీరా వెతికితే రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా రోడ్డు పక్కన వందలాది చోట్లు కనిపిస్తాయి, అన్నీ తమదే అసలైనదని చెప్పుకుంటాయి. పైగా ఇక్కడ బార్బెక్యూ అని అడిగితే పళ్లెంలోకి వచ్చేది పంది మాంసమే కనుక, మన ఇళ్లలో ఎవరు తింటారు, ఎవరు తినరు, ఏ రోజు తింటారు అన్న లెక్కలు కూడా తోడవుతాయి. ఈ చిక్కులో ఉన్నవారికి దారి చూపడానికే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తూర్పు, పడమర అన్న వాదన కంటే ముందు తేల్చుకోవలసింది నిప్పు సంగతి. కట్టెలు కాల్చి, ఆ నిప్పుల మీద రాత్రంతా మాంసం వండే చోటు దొరికితే, అది ఏ పద్ధతిదైనా మీ ప్రయాణం వృథా కాదు. నిప్పు లేని చోటుకు గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్లడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

## ముందుగా చూడవలసినవి

నార్త్ కరోలినా పాతపద్ధతిలో ఓక్ లేదా హికరీ దుంగలను విడిగా ఒక పొయ్యిలో కాల్చి, ఎర్రగా మండే నిప్పులను పారతో తీసుకెళ్లి, ఇటుకలతో కట్టిన గుంటలో మాంసం కింద పరుస్తారు. మంట తగలదు, సెగ మాత్రమే తగులుతుంది. సుమారు 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి కాలుతున్న మాంసం నుంచి కొవ్వు కరిగి నిప్పుల మీద బొట్లుబొట్లుగా పడుతుంది; అప్పుడు లేచే పొగే తిరిగి మాంసానికి పట్టి, ఈ వంటకు అసలు రుచినిస్తుంది. గ్యాసు, కరెంటు పొయ్యిలు వచ్చాక చాలామంది ఈ పని మానేశారు. రాత్రంతా మేలుకుని నిప్పులు సవరించే మనిషి దొరకడం కష్టం, కట్టెల ఖర్చు ఎక్కువ, వంటశాలలు అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే పాత చోట్లలో మాంసం కాల్చే గది భోజనశాలకు విడిగా వెనక వైపు ఉంటుంది. కట్టెల పొయ్యి మీద పిడతలో కాచిన పప్పుచారుకూ గ్యాసు మీద కుక్కర్‌లో చేసిన పప్పుచారుకూ ఉన్నంత తేడా ఇక్కడా ఉంటుంది. తెలుసుకోవడం సులువే: కారు నిలిపాక వెనక్కి వెళ్లి చూడండి. పేర్చిన కట్టెల గుట్ట, పొగచూరిన పొగగొట్టం, గాలిలో కట్టెపొగ వాసన ఉంటే లోపలికి నడవండి. బోర్డు మీద పంది బొమ్మ ఎంత పెద్దదైనా, వెనక కట్టెలు లేకపోతే ఆలోచించుకోవాలి.

రెండవది మాంసంలోని భాగం. రాష్ట్రానికి తూర్పున పందిని మొత్తంగా కాలుస్తారు, పడమర దిక్కున ఉన్న లెక్సింగ్టన్ ఊరి వైపు ముందుకాలి జబ్బను మాత్రమే కాలుస్తారు. మూడవది పులుపు. రెండు వైపులా వెనిగరే ప్రధానం, కానీ ఒక వైపు టమాటా పడదు, మరో వైపు కెచప్ కలుస్తుంది. నాలుగవది మీతో వచ్చేవారు: పంది మాంసం తిననివారు, అసలు మాంసమే ముట్టనివారు ఎంతమంది ఉన్నారన్నది చోటును నిర్ణయిస్తుంది.

అయిదవది వారం. దీన్ని మనవాళ్లు తరచు పట్టించుకోరు, కానీ ప్రయాణాలు చెడేది దీనివల్లే. పాత బార్బెక్యూ దుకాణాలు చాలావరకు ఆదివారం మూసివేస్తారు. చర్చికి వెళ్లే ఊళ్లలో పుట్టిన వ్యాపారాలు అవి. మన ఇళ్లలోనేమో వేంకటేశ్వరస్వామి మీది భక్తితో శనివారం మాంసం ముట్టనివారు ఎందరో ఉంటారు. అటువంటి కుటుంబానికి వారాంతపు రెండు రోజులూ పోయినట్టే. వారు శుక్రవారం సాయంత్రమో, ఆఫీసు సెలవు పడిన మరో రోజో చూసుకోవాలి. సోమవారం సెలవైతే ఆ రోజు తెరుస్తారో లేదో ముందుగా ఫోన్ చేసి అడగాలి. శనివారం పట్టింపు లేనివారికి మాత్రం శనివారం పదకొండు గంటల వేళను మించినది లేదు: మాంసం అప్పుడే గుంట మీద నుంచి దిగి ఉంటుంది, వరుస ఇంకా పెరిగి ఉండదు.

## తూర్పు పద్ధతి: పంది మొత్తం, టమాటా లేని పులుపు

ర్యాలీ నుంచి తూర్పుకు సముద్రం వరకు ఉన్న చదునైన పొలాల ప్రాంతం ఈ పద్ధతికి పుట్టినిల్లు. పొగాకు, చిలగడదుంపలు పండే నేల. పందుల పెంపకంలో దేశంలోనే ముందు వరుసలో నిలిచే రాష్ట్రంలో ఆ పెంపకం ఎక్కువగా ఉన్నది కూడా ఈ వైపే. పందిని రెండుగా చీల్చి, గుంట మీద పరిచి రాత్రంతా కాల్చి, తెల్లవారాక ఎముకలు తీసి, తొడ, జబ్బ, పొట్ట భాగాలన్నిటినీ కలిపి కత్తులతో కొడతారు. కొవ్వున్న ముక్క, కొవ్వులేని ముక్క, మెత్తనిది, కాస్త గట్టిది అన్నీ ఒకే పిడికెడులో కలిసివస్తాయి. అందులో పడేది వెనిగర్, ఉప్పు, ఎండుమిరప, మిరియాలు. టమాటా ఛాయ కూడా ఉండదు. పులుపూ కారమూ కలిసి నాలుకను తాకే ఈ రుచి మన నోటికి వెంటనే పరిచయమవుతుందని నా నమ్మకం.

ఈ పద్ధతిని చూడాలంటే నేను మొదట చెప్పే పేరు ఎయిడెన్ అనే చిన్న ఊళ్లోని స్కైలైట్ ఇన్. 1947లో పీట్ జోన్స్ అనే యువకుడు ప్రారంభించిన ఈ చోటు పైకప్పు మీద వాషింగ్టన్ క్యాపిటల్ భవనాన్ని పోలిన గోపురం ఉంటుంది. దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. 2003లో అమెరికాలో వంటకు పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ దీనికి అమెరికా క్లాసిక్స్ పురస్కారం ఇచ్చింది. లోపల అలంకారమేమీ లేదు. కౌంటర్ వెనకే చెక్క దిమ్మె ఉంటుంది. దాని మీద రెండు చేతులతో రెండు కత్తులు పట్టుకుని ఆగకుండా మాంసం కొడుతూ ఉంటారు. ఆ చప్పుడు భోజనం చేస్తున్నంతసేపూ వినిపిస్తూనే ఉంటుంది. కరకరలాడేలా కాలిన తోలును కూడా అదే దిమ్మె మీద మాంసంలో కొట్టి కలుపుతారు, పైన ఉప్పు, వెనిగర్, టెక్సస్ పీట్ కారం చల్లుతారు. పేరులో టెక్సస్ ఉన్నా ఈ కారం సాస్ తయారయ్యేది ఇదే రాష్ట్రంలోని విన్‌స్టన్‌సేలమ్‌లో. మీ చేతికి అందేది కాగితపు పళ్లెంలో మాంసం, దాని మీద కాగితం పరిచి పలుచటి మొక్కజొన్న రొట్టె ముక్క, దాని పైన చిన్న పళ్లెంలో క్యాబేజీ తురుముతో చేసే కోల్‌స్లా: మూడూ ఒకదాని మీద ఒకటి. మాంసం నమిలినప్పుడు మధ్యమధ్య తోలు పలుకు కరకరమనడం ఈ చోటు ప్రత్యేకత; దానికోసమే నేను దీన్ని మిగిలిన వాటికంటే పైన ఉంచుతాను. ర్యాలీ నుంచి సుమారు గంటన్నర ప్రయాణం. అయితే పంది మాంసం తిననివారు మీతో ఉంటే ఇక్కడికి తీసుకువెళ్లకండి. ఆ రొట్టెలో కూడా పంది కొవ్వు ఉంటుంది.

అంత దూరం వద్దనుకుంటే 70వ నంబరు హైవే మీద గోల్డ్స్‌బరోలో విల్బర్స్ ఉంది. 1962లో మొదలైన ఈ చోటు 2019లో మూతపడి, మరుసటి ఏడాది కొత్త యాజమాన్యంలో మళ్లీ తెరుచుకుంది. ర్యాలీ నుంచి గంట దూరం, సముద్రతీరానికి వెళ్లే దారిలోనే ఉంటుంది కనుక అట్లాంటిక్ బీచ్ ప్రయాణంలో మధ్యాహ్న భోజనానికి సరిపోతుంది.

గోల్డ్స్‌బరోకు దక్షిణంగా డడ్లీ దగ్గర పల్లె రోడ్ల కూడలిలో ఉన్న గ్రేడీస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1986లో స్టీఫెన్, గెర్రీ గ్రేడీ దంపతులు ప్రారంభించిన ఈ చోటు, పందిని మొత్తంగా కట్టెల మీద కాల్చే నల్లజాతి కుటుంబాల రెస్టారెంట్లు చాలా తక్కువగా మిగిలిన రోజుల్లో పేరు నిలబెట్టుకున్నది. ఈ వంట చరిత్రలో గుంటల దగ్గర రాత్రులు మేలుకున్న చేతులు అధికభాగం బానిసత్వంలోనూ ఆ తరవాతా నల్లజాతివారివే; బోర్డుల మీద ఎక్కిన పేర్లు మాత్రం వేరు. విల్సన్‌కు చెందిన బార్బెక్యూ వంటవాడు ఎడ్ మిచెల్ వంటివారు ఈ చరిత్రను దేశమంతటా వినిపించారు. గ్రేడీస్‌లో మాంసంతో పాటు ఆకుకూర, చిక్కుడు గింజలు వంటి పక్క వంటకాలు ఇంటి వంటలా ఉంటాయని పేరు. చిన్న చోటు, వారంలో కొన్ని రోజులే, పగటి వేళే తెరుస్తారు కనుక బయలుదేరే ముందు తప్పకుండా ఫోన్ చేయండి.

## లెక్సింగ్టన్ పద్ధతి: జబ్బ మాంసం, ఎర్రటి పులుపు

ర్యాలీకి పడమర, గ్రీన్స్‌బరో, షార్లెట్ నగరాల మధ్య ఉన్న లెక్సింగ్టన్ సుమారు ఇరవై వేల జనాభా గల ఊరు. దాని స్థాయికి ఉన్నన్ని బార్బెక్యూ దుకాణాలు మరో చోట కనిపించడం అరుదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో సిడ్ వీవర్, జెస్ స్వైస్‌గుడ్ అనే ఇద్దరు కోర్టు భవనం ఎదుట డేరాలు వేసి, కోర్టు పనికి వచ్చినవారికి మాంసం అమ్మడంతో ఇది మొదలైంది. వారి దగ్గర పని నేర్చిన వార్నర్ స్టేమీ తరవాత ఎందరికో నేర్పాడు. 1953 నుంచి గ్రీన్స్‌బరోలో నడుస్తున్న స్టేమీస్ ఆయన కుటుంబానిదే.

ఇక్కడ కాల్చేది ముందుకాలి జబ్బ మాత్రమే. అది తొమ్మిది పది గంటలు నిప్పుల సెగ తగిలి, పైభాగం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. వెనిగర్‌లో కాస్త కెచప్, చక్కెర, మిరపపొడి కలిపిన పలుచటి పులుపును ఇక్కడివారు డిప్ అంటారు. క్యాబేజీ కోల్‌స్లాలో కూడా మయోనైజ్ బదులు అదే డిప్ వేసి ఎర్రగా చేస్తారు. గుడ్డు తిననివారికి ఇది అనుకోని మేలు.

చోటు విషయంలో పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. 1962లో వేన్ మంక్ ప్రారంభించిన లెక్సింగ్టన్ బార్బెక్యూకు వెళ్లండి. స్కైలైట్ ఇన్‌కు పురస్కారం వచ్చిన ఏడాదే దీనికీ వచ్చింది. ఎత్తు మీద ఉన్న తెల్లటి భవనం, వెనక వరుసగా ఇటుక పొగగొట్టాలు. మధ్యాహ్నం వేళ హైవే మీదికే పొగ కనిపిస్తుంది. లోపల వెయిట్రెస్‌లు బల్ల దగ్గరికే వచ్చి అడుగుతారు, పిల్లలతోనూ పెద్దవారితోనూ కూర్చోవడానికి అనువుగా ఉంటుంది. కారులో కూర్చునే తెప్పించుకునే పాత ఏర్పాటు కూడా ఉంది.

ఇక్కడ అడగడం తెలిసినవారికి మంచి భోజనం దొరుకుతుంది. మాంసాన్ని సన్నగా కొట్టించుకోవచ్చు, పెద్ద ముక్కలుగా కొట్టించుకోవచ్చు, పలుచటి పొరలుగా కోయించుకోవచ్చు. కొవ్వు వద్దంటే లీన్ అని చెప్పాలి. అన్నిటికంటే మేలైనది ఔట్‌సైడ్ బ్రౌన్: జబ్బ పైన పొగ, సెగ నేరుగా తగిలి నల్లబడిన పొర. ప్రతి జబ్బకూ కొద్దిగానే వస్తుంది కనుక ఆలస్యంగా వెళితే అయిపోతుంది. పెద్ద ముక్కలుగా కొట్టి, ఔట్‌సైడ్ బ్రౌన్ కలిపి ఇమ్మని అడగడం నా సలహా. ట్రే అంటే మాంసం, ఎర్ర కోల్‌స్లా; ప్లేట్ అంటే వాటికి తోడు వేయించిన బంగాళాదుంపలు. రెండింటికీ హష్ పప్పీలు వస్తాయి. మొక్కజొన్న పిండితో చేసే ఈ చిన్న బోండాలను పిల్లలు మాంసం కంటే ముందు ఖాళీ చేస్తారు. తాగడానికి దగ్గరలోని సాల్స్‌బరీలో 1917లో పుట్టిన చీర్‌వైన్ అడగండి. చెర్రీ రుచి గల సోడా ఇది, పేరులో వైన్ ఉన్నా మద్యం లేదు.

షార్లెట్‌వారికి మరో దారి ఉంది. పడమరగా 45 మైళ్ల దూరంలో షెల్బీలో 1946 నుంచి ఉన్న రెడ్ బ్రిడ్జెస్ బార్బెక్యూ లాడ్జ్ కూడా హికరీ కట్టెల మీద జబ్బలు కాల్చే చోటే. ఆష్‌విల్ కొండలకు వెళుతూనో తిరిగి వస్తూనో ఆగడానికి ఇది అనుకూలం.

ఏటా అక్టోబరులో ఒక శనివారం లెక్సింగ్టన్ ఊరి నడిబొడ్డున బార్బెక్యూ ఉత్సవం జరుగుతుంది, 1984 నుంచి ఉన్న ఆనవాయితీ. సందడి కోసమైతే వెళ్లవచ్చు. కార్తీక మాసం ఆ రోజుల్లోనే మొదలవుతుంది కనుక పాటించేవారు తేదీ చూసుకోవాలి. తిండి కోసమే అయితే మామూలు రోజున రెస్టారెంటుకు వెళ్లడమే మంచిది.

## పెద్ద హాళ్లు, నగరంలోని కొత్త చోట్లు

విల్సన్‌లో 301వ నంబరు రోడ్డు మీద 1946 నుంచి ఉన్న పార్కర్స్ గ్యాసు మీద వండుతుంది. నిప్పే ముఖ్యమని చెప్పిన నేను దీన్ని ఎందుకు చేర్చానంటే, పెద్ద బృందానికి ఇంత సులువైన చోటు అరుదు. విశాలమైన హాలు, త్వరగా వడ్డించే తెల్ల టోపీల కుర్రాళ్లు, వేయించిన కోడి, ఉడికించిన బంగాళాదుంపలు. పదిహేను మంది, అందులో సగం మంది పంది మాంసం తినరు అన్నప్పుడు ఆ వేయించిన కోడే భోజనాన్ని నిలబెడుతుంది. 95వ ఇంటర్‌స్టేట్ దగ్గరే కనుక వాషింగ్టన్ డీసీ నుంచి ఫ్లోరిడా వైపు వెళ్లేవారు కూడా ఆగవచ్చు.

నగరం వదిలి వెళ్లలేనివారికి ర్యాలీలో 2021లో తెరిచిన శామ్ జోన్స్ బార్బెక్యూ ఉంది. స్కైలైట్ ఇన్ కుటుంబంలోని మూడో తరం మనిషి నడిపేది. పందిని మొత్తంగా కట్టెల మీదే కాలుస్తారు. దానితో పాటు కోడి, టర్కీ, సలాడ్లు ఉంటాయి, బీరు దొరుకుతుంది. ఎయిడెన్‌లోని చెక్క దిమ్మె చప్పుడు, ఆ పల్లెగాలి ఇక్కడ ఉండవు. మాంసం మాత్రం ఆ వంశానిదే. ర్యాలీ పక్కన నైట్‌డేల్‌లో 2020లో మొదలైన ప్రైమ్ బార్బెక్యూ టెక్సస్ ధోరణిలో నడుస్తుంది. అక్కడ ముఖ్యమైనది గొడ్డు మాంసపు బ్రిస్కెట్ (ఛాతీ భాగం) కనుక అది తిననివారు టర్కీ వంటివి ఎంచుకోవాలి, ఒకే కత్తి, ఒకే బల్ల వాడటం పట్ల పట్టింపు ఉంటే ముందే ఆలోచించుకోవాలి. నార్త్ కరోలినా రుచి చూడటానికే బయలుదేరినవారికి ఇది మొదటి చోటు కాకూడదు.

## ఒక్కచోట చూసుకోవడానికి

| ఎంపిక | మాంసం, నిప్పు | రుచి | ఎవరికి బాగుంటుంది | ఇబ్బంది |
|---|---|---|---|---|
| స్కైలైట్ ఇన్, ఎయిడెన్ | పంది మొత్తం, కట్టెలు | వెనిగర్, కారం, కరకరలాడే తోలు | పంది మాంసం ఇష్టంగా తినేవారికి, పాతపద్ధతి చూడాలనుకునేవారికి | తిననివారికి దాదాపు ఏమీ ఉండదు. ఆదివారం సెలవు |
| విల్బర్స్, గోల్డ్స్‌బరో | పంది మొత్తం, కట్టెలు | తూర్పు పులుపు, మృదువుగా | బీచ్ దారిలో ఆగేవారికి | సెలవు రోజుల్లో రద్దీ |
| గ్రేడీస్, డడ్లీ | పంది మొత్తం, కట్టెలు | తూర్పు పులుపు, ఇంటి తీరు పక్క వంటకాలు | తీరిక ఉన్నవారికి | పరిమిత వేళలు |
| లెక్సింగ్టన్ బార్బెక్యూ | జబ్బ, కట్టెలు | కొద్దిగా తీపి కలిసిన పులుపు | మొదటిసారి తినేవారికి, పెద్దవారితో వెళ్లేవారికి | ఆదివారం సెలవు |
| పార్కర్స్, విల్సన్ | పంది మొత్తం, గ్యాసు | తూర్పు పులుపు, పొగ తక్కువ | పెద్ద బృందాలకు, కోడి తినేవారికి | కట్టెల రుచి ఉండదు |
| శామ్ జోన్స్, ర్యాలీ | పంది మొత్తం, కట్టెలు | స్కైలైట్ తీరు | నగరం వదలలేనివారికి, కలగలుపు బృందాలకు | పల్లె వాతావరణం ఉండదు |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

పంది మాంసం మొదటిసారి తింటున్న పెద్దలు మీతో ఉంటే లెక్సింగ్టన్ దారి పట్టండి. మన ఇళ్లలో కోడి, మేక తిన్నంతగా పందిని తినరు. తెలియని మాంసంలో కొవ్వు, తోలు ఒకేసారి తగిలితే మొదటి ముద్దకే ఆగిపోవచ్చు. లెక్సింగ్టన్‌లో కొవ్వు లేకుండా కోయించుకునే వీలుంది, కూర్చునే చోటు సౌకర్యంగా ఉంటుంది, డిప్‌లోని కొద్దిపాటి తీపి కొత్తదనాన్ని తగ్గిస్తుంది. కారం చాలకపోతే బల్ల మీదే కారం సీసా ఉంటుంది.

తిండి మీద మక్కువతో ఎంత దూరమైనా వెళ్లేవారికి, ఒక్క చోటే చూసే సమయం ఉన్నవారికి నా సమాధానం ఎయిడెన్. లెక్సింగ్టన్ మాంసం శుభ్రంగా, ఒకే తీరుగా ఉంటుంది. ఎయిడెన్‌లో ప్రతి ముద్దా వేరుగా ఉంటుంది. పులుపులో చక్కెర కోరనివారు కూడా తూర్పుకే వెళ్లాలి. ఒకే రోజు రెండు పద్ధతులూ చూడాలని కొందరు ప్రయత్నిస్తారు. ర్యాలీ నుంచి ఒకటి తూర్పుకు, మరొకటి పడమరకు ఉన్నందువల్ల రోజంతా కారులోనే గడుస్తుంది, రెండో చోట ఆకలీ ఉండదు. రెండు వేర్వేరు శనివారాలు పెట్టుకోవడం మేలు.

గొడ్డు మాంసం తినకుండా మిగతా మాంసాలు తినే ఇళ్లకు నిజానికి నార్త్ కరోలినా టెక్సస్ కంటే అనుకూలమైన రాష్ట్రం. పాత దుకాణాల్లో గొడ్డు మాంసం ప్రధానం కాదు. అయితే బ్రన్స్‌విక్ స్ట్యూ అనే చిక్కటి కూరలో ఏయే మాంసాలు వేశారో చోటును బట్టి మారుతుంది, అడిగి తీసుకోండి.

ముస్లిం మిత్రులకు ఈ చోట్లు సరిపడవని నేరుగా చెప్పడమే మంచిది. కోడి ఉన్నా హలాల్ కాదు, వంట పాత్రలు, నూనె వేరుగా ఉండవు. వారితో కలిసి వెళ్లే ప్రయాణమైతే, సౌత్ కరోలినా సరిహద్దు దగ్గర సముద్రతీరాన ఉన్న కాలబాష్ ఊరు మంచి మార్గం. చేపలు, రొయ్యలను పలుచటి పిండిలో ముంచి వేయించడంలో ఆ ఊరి పేరే ఒక పద్ధతిగా స్థిరపడింది. అక్కడ కూడా నూనె, మెనూ సంగతి అడిగి చూసుకోవాలి. కానీ చేపలు తినేవారికి కడుపునిండా భోజనం దొరుకుతుంది. మర్టల్ బీచ్ వెళ్లేవారికి పెద్దగా దారి మళ్లవలసిన అవసరమూ లేదు.

శాకాహారుల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇక్కడ కూరగాయ అన్నది శాకాహారమని అనుకోవడానికి లేదు. ఆకుకూరను పంది ఎముకతోనో కొవ్వుతోనో ఉడికిస్తారు. పచ్చి చిక్కుడులోనూ, తీపి బీన్స్‌లోనూ మాంసం ముక్కలు పడతాయి. మొక్కజొన్న రొట్టెలో, హష్ పప్పీలు వేయించే నూనెలో పంది కొవ్వు ఉండవచ్చు. సురక్షితంగా మిగిలేవి సాధారణంగా కోల్‌స్లా, ఊరగాయ దోస, అరటిపండు పుడ్డింగ్ వంటివే, పుడ్డింగ్‌లోనూ గుడ్డు ఉంటుంది. బృందంలో ఒక్కరు శాకాహారి అయినా ముందుగా వారికి ఇంట్లో పెట్టి తీసుకెళ్లడం, లేదా శామ్ జోన్స్ వంటి నగరపు చోటును ఎంచుకోవడం మర్యాద. ర్యాలీలో రాష్ట్ర రైతుబజారు ఆవరణలో ఉన్న రెస్టారెంట్ కూడా చూడదగినది. ఉదయం పూట బిస్కెట్లు అనే వేడి మెత్తటి రొట్టెలు, గుడ్లు దొరుకుతాయి, పక్కనే తాజా కూరగాయలు, పండ్లు కొనుక్కోవచ్చు.

ఇంటికి తీసుకువెళ్లే ఆలోచన ఉంటే పౌండ్ల లెక్కన కొనండి. కోల్‌స్లా, పులుపు విడిగా కట్టించుకోండి, కలిపిస్తే మాంసం నాని మెత్తబడిపోతుంది. దారి గంట దాటితే చిన్న ఐస్ పెట్టె వెంట ఉంచుకోవాలి. మర్నాడు వేడి చేసేటప్పుడు మైక్రోవేవ్‌లో పెట్టకుండా, మందపాటి గిన్నెలో రెండు చెంచాల పులుపు చిలకరించి, మూతపెట్టి, సన్నని సెగ మీద ఉంచితే మాంసం ఎండిపోదు. తోలు కలిపిన మాంసానికి మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు. ఆ కరకర ఆ పూటదే, దాన్ని అక్కడే బల్ల దగ్గర తినేయాలి.